నాలుగు తలుపుల బేగి బండి

ముందుగా

సీట్ల పని నేర్చుకుంటామని ఈ మధ్య మా వీధికి కొందరు ఆడపిల్లలు వస్తున్నారు. వచ్చినవాళ్ళు మొదట అడిగేది కూలి ఎంత వస్తుందని. తరవాత అడిగేది మిషను ఎన్నాళ్ళలో చేతికొస్తుందని. కుట్టిన సీటు మీద ఎవరు కూర్చుంటారని మాత్రం ఒక్కరూ అడగరు. అది అడగనివాళ్ళకి ఈ పని రాదు. చెయ్యి తిరుగుతుంది, కుట్టు నిలుస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, అయినా పని రాదు. ఎందుకలా అంటానో చెప్పడానికి ఇది రాస్తున్నాను. నన్ను పొగుడుకోవడానికి కాదు. పొగడ్తకి తగినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ గురించే ఎక్కువ చెబుతాను.

నేను చదివింది మూడో తరగతి దాకా. విజయనగరంలో మా అయ్య జట్కా బళ్ళకి మెత్తలు కుట్టేవాడు. గడ్డి ఎంత కూరాలో, తోలు ఎక్కడ లాగి కొట్టాలో ఆయన దగ్గరే చూశాను. జట్కాలు తగ్గి బస్సులు పెరిగాయి. అయ్యకి చూపు తగ్గింది. మా ఆయనది జూటు మిల్లులో పని. ఇద్దరు పిల్లలు. ఒక్క సంపాదన మీద నడపలేక నేను బాడీ షెడ్డుకి వెళ్ళాను. ఆడమనిషి షెడ్డులో పని చెయ్యడమేమిటని అన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళెవరూ మా ఇంటికి బియ్యం పంపలేదు కాబట్టి వాళ్ళ మాట పట్టించుకోలేదు.

నేల మీద గీసిన బండి

బాడీ షెడ్డు అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. కంపెనీ ఇచ్చేది ఇంజిను, చక్రాలు, వాటిని మోసే ఇనుప చట్రం. దాన్నే చాసిస్ అంటారు. దాని మీద కర్ర, రేకు, గాజు, సీట్లు, తలుపులు కట్టి దాన్ని బండిగా నిలబెట్టేది షెడ్డు. మాది బస్సుల షెడ్డు. అప్పుడప్పుడు లారీ, ఎప్పుడైనా ఒక వ్యానో కారో.

షెడ్డుకి పెద్ద సూర్నారాయణ మేస్త్రి. అందరికీ ఆయన మావే. కాగితం మీద గీసేవాడు కాదు. సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతో బండిని అసలు ఎంత ఉంటుందో అంతా గీసేవాడు. గీసినన్నాళ్ళూ మేమందరం చుట్టూ తిరిగి నడవాలి. ఎవరైనా మరిచిపోయి గీత తొక్కారా, అయిపోయినట్టే.

"ఓలే, నువ్వు తొక్కినాది గీత కాదు, నా నడుం! తియ్యి కాలు!"

గీసిన తరవాత సీటు ఉండాల్సిన చోట పీటలు వేసేవాడు. మమ్మల్ని పిలిచి వాటి మీద కూర్చోబెట్టేవాడు. మోకాలు ఎక్కడికొస్తుంది, తల ఎంత ఎత్తు, దిగేటప్పుడు కాలు ఎటు పడుతుంది, అన్నీ చూసి, గీత చెరిపి మళ్ళీ గీసేవాడు. నేను చేరిన కొత్తలో నన్నూ పిలిచాడు.

"కూకో. అలక్కాదు, కారులో కూకున్నట్టు కూకో."

"నాను కారెక్కనేదు గదా మావా. కారులో ఎలా కూకుంతారో నాకేటి తెలస్తాది?"

"తెలీనోలే కావాల నాకు. తెలిసినోలు బిగిసిపోయి కూకుంతారు, కొలత తప్పుతాది."

ఆ మాటతో నా సిగ్గు పోయింది. పెద్దరికం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఎదుటి మనిషికి తెలియనిదాన్ని కూడా పనికొచ్చేటట్టు చేశాడు. తరవాత నేను చాలామంది మేస్త్రీలని చూశాను. తిట్టడంలో ఆయనతో సమానమైనవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇందులో మాత్రం ఎవరూ లేరు.

మారిషస్ నుంచి వచ్చిన అప్పలసామి

ఆ రోజుల్లో షెడ్డుకి పని తగ్గిపోతోంది. బస్సుల యజమానులు విశాఖపట్నం షెడ్లకి పోతున్నారు. మా షావుకారు వెంకటరత్నం గారు వ్యాపారస్తుడు. నష్టానికి ప్రేమ కలిపి భరించే మనిషి కాదు, అలా ఉండమనడం న్యాయమూ కాదు. అటువంటి సమయంలో విశాఖ రేవులో దిగిన ఒక చాసిస్‌నీ, దాని వెనకే ఒక మనిషినీ తీసుకొచ్చి మా ముందు పెట్టారు.

ఆ మనిషి సూటు వేసుకున్నాడు. దొర అనుకున్నాం. పేరు అడిగితే అప్పలసామి అన్నాడు. అందరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. అప్పలసామి అనే పేరుకి మా షెడ్డులోనే ఇద్దరు పలుకుతారు.

"మా ముత్తవ్వ ఇచ్చాపురం కాడ పుట్టినాదంట. ఓడెక్కి మారిషస్ ఎల్లిపోనాది. నాకీ బాస ఇంట్లో ఆడోలు నేర్పినారు. తప్పులుంతే నవ్వండి గానీ తిట్టకండి" అన్నాడు.

అక్కడ ఆయనకి మోటారు గ్యారేజీ ఉంది. పెద్ద ఇంజిన్లున్న చాసిస్‌లు చవగ్గా తెప్పించుకోగలడు. వాటి మీద కట్టడానికి ఒళ్ళు, అంటే బాడీలు, కావాలి. అది మేము తయారుచేసి, విడి భాగాలుగా పెట్టెల్లో ఓడ మీద పంపాలి. ముందు ఒకటి కట్టి చూపించాలి.

"మా దేశంలో కుర్రోలికి బేగి ఎల్లే బండి కావాల. పొగరుగా కనిపించాల. అలాటియి దొరుకుతాయి, గానీ రెండే తలుపులు. మా యమ్మ ఎనక్కి ఎక్కాలంతే ముందు సీటు మడిసి, గొర్రెపిల్లలాగ దూరాల. నాకేమో బేగి ఎల్లాల, అమ్మ తిన్నగా ఎక్కాల, ఇస్కూలు మేస్టరు కొనుక్కోగలగాల."

సూర్నారాయణ మావ బీడీ చెవిమీద పెట్టుకున్నాడు. "మూడూ ఒక్క బండిలోనేనేటి?"

"ఒక్కదాంట్లోనే."

"పెల్లి కూడా మేమే సేసీమంతారా?"

"అదయిపోనాది మేస్త్రీ. ముగ్గురు పిల్లలు. ఆలకీ సోటు సూడాల."

షెడ్డంతా నవ్వింది. షావుకారు గారు నవ్వలేదు. అప్పలసామి గారు వెళ్ళిపోయాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. "ఈ పని కుదిరిందా, షెడ్డు ఉంటుంది. కుదరలేదా, పనిముట్లు అమ్మేసి ఇందులో గోగునార బేళ్ళు వేసుకుంటాను. తరవాత నన్ను అనుకోవద్దు. ముందే చెబుతున్నాను."

మాట దాచకుండా చెప్పినందుకు ఇప్పటికీ నాకు ఆయనంటే గౌరవమే. పని పోయే ముందురోజు దాకా నవ్వుతూ పలకరించే యజమానులని తరవాత చూశాను.

చవగ్గా కట్టడం

చవక అంటే నాసి అనుకునేవాళ్ళకి ఈ పని గురించి ఏమీ తెలియదు. డబ్బు పారేసి అందం తేవడం ఎవరికైనా వస్తుంది.

ఈ బండి కోసం షావుకారు గారు విశాఖ నుంచి ఇంజినీరు సుబ్బారావు గారిని పిలిపించారు. నెమ్మదస్తుడు. మేస్త్రి మావ గచ్చు మీద గీస్తుంటే, తన కాగితాలు చంకలో పెట్టుకుని ఆయన వెనకే తిరిగేవాడు. మొదట్లో మావకి ఆయనంటే పడలేదు. "కాగితం మీద బండి ఎంత బేగెల్లినా టైరరగదు" అనేవాడు. సుబ్బారావు గారు కోపం తెచ్చుకోకుండా "నిజమేనండి, పెట్రోలూ అక్కర్లేదు" అనేవారు. అలా అనేసరికి మావకి తిట్టడానికి ఏమీ మిగిలేది కాదు.

ఇద్దరూ కలిసి చేసిన పని చూడాలి. వంపు తిరిగిన గాజు ఖరీదెక్కువ. అందుకని గాజులన్నీ బల్లపరుపువి పెట్టారు. అవి కాస్త వెనక్కి వాల్చి బిగించేసరికి బండి నిలబడి ఉన్నా ముందుకి తోసుకుపోతున్నట్టు కనబడింది. పల్చటి రేకు వాడితే పరిగెత్తేటప్పుడు వణుకుతుంది. మావ ముందు మడ్‌గార్డు నుంచి వెనక దీపం దాకా రేకు మీద పొడుగ్గా ఒక మడత కొట్టాడు. పోట్లగిత్త పక్కటెముక లేచినట్టు ఉంది ఆ గీత. చూసినవాళ్ళంతా షోకు అనుకున్నారు. అది రేకు బిగుసుకోవడానికి. పొగరుకీ పొదుపుకీ ఒకే సుత్తి దెబ్బ సరిపోయింది.

నా వంతు సీట్లు. కొబ్బరి పీచు ఉద్దానం నుంచి తెప్పించాం. రబ్బరు మెత్తల కన్నా చవక, చెమట పట్టదు. అప్పలసామి గారు ఎర్ర రెక్సిన్ కావాలన్నారు. ఎర్రది నల్లదాని కన్నా ఖరీదు. కూర్చునే చోటా, వీపు ఆనే చోటా ఎర్రది వేసి, పక్కలకి నల్లది వేశాను. వెనకవైపూ అడుగునా గోనెగుడ్డే.

"సీటు అడుగున గోనె కనిపిస్తాదేమో" అన్నారు అప్పలసామి గారు.

"దొంగోడు తప్ప అక్కడికి ఎవులూ తొంగి సూడరు బాబూ. ఆడికోసం రెక్సిన్ దండగ."

కత్తిరింపుల్లో మిగిలిన ఎర్ర పేలికలతో సీటు అంచులకి పట్టీ కుట్టాను. దానివల్లే అంత అందం వచ్చిందని తరవాత అందరూ అన్నారు. పేలిక పారేసేవాళ్ళని నేను ఎప్పుడూ నా దగ్గర పనికి ఉంచుకోలేదు.

మా చేతి అలవాటు

ఇప్పుడు అసలు సంగతి.

మా వైపు ఏ కొత్త బండి వచ్చినా ముందు షెడ్డుకి తోలి కమాను పట్టీలు వేయించేవారు. చాసిస్‌ని వెనక ఇరుసు మీద మోసేవి ఆ ఉక్కు పట్టీలు, విల్లులా వంగి ఒకదాని మీద ఒకటి ఉంటాయి. కంపెనీ వేసినవి ఎప్పుడూ మాకు చాలలేదు. బండి కొన్నవాడు రాజాం సంతకి ధాన్యం వేస్తాడు, పెళ్ళివారిని ఎక్కిస్తాడు. టాక్సీ అయితే వెనక నలుగురు, ముందు నలుగురు, ఒడిలో పిల్లలు. వెనక భాగం నేలకి దిగబడిన బండిని చూసి జనం నవ్వేవారు. ఎవరు కట్టారని అడిగేవారు. మేస్త్రి పేరు పోయేది. అందుకని అదనపు పట్టీలు వెయ్యాలా అని ఎవరూ ఎవరినీ అడగరు. గుమ్మానికి పసుపు రాసినట్టు వేసేస్తారు, అంతే.

మారిషస్ చాసిస్‌కీ మావ అలాగే వేశాడు. నేనూ అలాగే వెనక సీటు కుట్టాను. బల్లలా చదునుగా, గట్టిగా, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే పరుపు. మధ్యలో గుంట ఉంటే ఇంకొకళ్ళని ఇరికించడానికి కుదరదు. మా వైపు కారెక్కిన మనిషి నోట మొదట వచ్చే మాట "సర్దుకోండి." ఆ మాటకి పనికొచ్చేటట్టు సీటు కుట్టడమే మంచి పనితనం అని నా నమ్మకం.

రంగు వెయ్యకముందే మావ బండిని పరీక్ష చేశాడు. షెడ్డు మొత్తాన్నీ, వాళ్ళ ఆడవాళ్ళనీ, పిల్లలనీ ఎక్కించి శ్రీకూర్మం తీసుకెళ్ళాడు. ఎంతమందిమి ఎక్కామో నాకు తెలియదు. నా మోచెయ్యి మాత్రం ఎవరి కడుపులోనో ఉంది. స్వామి దర్శనం చేసుకుని అదే బండిలో తిరిగొచ్చాం. దిగగానే మావ నేల మీద పడుకుని బండి కింద చూశాడు. లేచి పంచె దులుపుకున్నాడు.

"సూసినారా? అంగుళం దిగనేదు. రాయి!"

చప్పట్లు కొట్టాం. సుబ్బారావు గారు మాత్రం "ఒక్కరే నడిపితే ఎలా ఉంటుందో కూడా చూడాలండి" అన్నారు. ఆ మాట మాలో ఎవరికీ అర్థం కాలేదు. అంత బండిలో ఒక్కరే ఎందుకు వెళ్తారు?

ఘాటీ మలుపు

అప్పలసామి గారికి చూపించే రోజు వచ్చింది. వాళ్ళ దేశమంతా కొండదారులేనట, అందుకని కొండ మీదే నడిపి చూస్తానన్నారు. శృంగవరపుకోట దాటాక ఘాటీ రోడ్డు మొదలవుతుంది. తెల్లారుజామున వాన పడి వెలిసింది. మేమందరం షెడ్డు వ్యానులో ముందే వెళ్ళి ఒక పెద్ద మలుపు దగ్గర నిలబడ్డాం. మా వెనకే తెచ్చిన బండి రంగు వేసుకుని మిలమిలలాడుతోంది. పొడుగాటి ముక్కు, పొట్టి వెనక, నాలుగు తలుపులు. నేను మెటికలు విరిచాను.

ఆయన ఒక్కరే ఎక్కారు.

"ఎవులినైనా ఎక్కించుకోండి బాబూ" అని మావ పరిగెత్తుకెళ్ళి అడిగాడు కూడా, మర్యాద కోసం. ఆయన వద్దని చెయ్యి ఊపి, కింది నుంచి ఎక్కి రావడానికి మలుపులు దిగి వెళ్ళిపోయారు.

ఇంజిను చప్పుడు కింద మలుపుల్లోంచి పైకి వస్తుంటే ఒళ్ళు జలదరించింది. మా ముందుకి వచ్చింది. మలుపులో రోడ్డు కాస్త ఎగుడుదిగుడుగా ఉంది. వెనక చక్రాలు ఎగిరాయి. బంతి ఎగిరినట్టు, ఒకసారి కాదు, టకటకమని. అంతలో బండి వెనక భాగం పక్కకి తిరిగిపోయింది. లోయ వైపు వెళ్ళి ఉంటే ఈ రాత ఉండేది కాదు. దేవుడి దయ, కొండ వైపు తిరిగి మట్టిగట్టుకి కొట్టుకుని ఆగింది.

అందరం పరిగెత్తాం. తలుపు తీసుకుని ఆయనే దిగారు. దెబ్బ తగల్లేదు. మొహం తెల్లగా పాలిపోయింది. కాసేపు గట్టు మీద కూర్చున్నారు.

"బండి నన్ను ఇసిరీసినాది మేస్త్రీ" అన్నారు. "ఇది నాను కొన్ను. మా వూరోలికి ఇది అమ్మితే ఆల ఉసురు నాకు తగలతాది."

షావుకారు గారు జేబురుమాలు తీసి మొహం తుడుచుకుని వ్యాను దగ్గరికి నడిచారు. గోగునార బేళ్ళు నా కళ్ళ ముందు కనబడ్డాయి. మావ మాత్రం బండి చుట్టూ తిరుగుతున్నాడు. వంగి చక్రం చూస్తాడు, లేస్తాడు, మళ్ళీ వంగుతాడు. ఆయన చేతుల మీదుగా వెళ్ళిన బండి మనిషిని విసిరెయ్యడం ఆయన జీవితంలో అదే మొదలు.

గట్టు మీద తగువు

సుబ్బారావు గారు అప్పుడు మాట్లాడారు. గెలిచానన్న ధ్వని ఆ గొంతులో లేదు. అందుకే ఈ రోజుకీ ఆయన్ని తలుచుకుని దండం పెట్టుకుంటాను.

"మేస్త్రి గారూ, ఖాళీ ఎడ్లబండి గతుకుల్లో ఎలా పోతుంది?"

"గెంతతాది."

"బస్తాలు వేస్తే?"

"తిన్నగా పోతాది. తెలిసిందే గదా."

"ఇదీ అంతేనండి. మనం పదిమంది కోసం పట్టీలు వేశాం. ఒక్కరే కూర్చుంటే అవి వంగవు. చక్రం నేల మీద ఉండదు. చక్రం నేల మీద లేనప్పుడు ఇంత ఇంజిను తిప్పితే ఇంకేమవుతుంది?"

మావ ఒప్పుకోలేదు. "పట్టీలు తీసీమంతారు. తీసీనాను అనుకోండి. పదిమంది ఎక్కితే బండి ఎనక నేల రాసుకుంతాది. సూసినోలు నా మొకం మీద ఉమ్ముతారు. అయినా నాకు తెలక అడుగుతాను, ఇంత కారులో ఒక్కడే ఎందుకెల్తాడు? ఇంటికాడ మనుసుల్నేరా? దార్లో ఎవులూ సెయ్యెత్తరా?"

అప్పలసామి గారు గట్టు మీంచే జవాబిచ్చారు.

"నానొక్కడినే ఎల్తాను మేస్త్రీ. పొద్దున్న గ్యారేజీకి, సాయంత్రం ఇంటికి. ఆదోరం ఒక్కరోజే అమ్మా పిల్లలూ ఎక్కుతారు. మా వీదిలో అందరికీ ఎవులి బండి ఆలకే ఉన్నాది. సెయ్యెత్తీవోలు ఉండరు."

మావ ఆయన్నే చూస్తూ నిలబడిపోయాడు. కోపం దిగిపోయింది. ఆయన మొహంలో కనిపించింది జాలి. "రోజూ ఒక్కడివేనేటి, అయ్యా?" అని మెల్లిగా అడిగాడు. మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాడు. అప్పలసామి గారు తలూపారు.

"అలగయితే మేం కొలత తీసుకున్నాది మీకు కాదు బాబూ. మాకు మేమే తీసీసుకున్నాం" అన్నాడు మావ.

నా పనికాలంలో నేను విన్న మాటల్లో ఇంతకన్నా బరువైనది లేదు. ఆయనకి తెలివి చాలక తప్పు జరగలేదు. మాలో ప్రతి ఒక్కరం మన మనిషినే ఊహించుకుని మంచి బండి కట్టాం. ఆ బండి కొనేవాడు వేరే మనిషి.

అప్పుడు మావ షావుకారు గారి దగ్గరికి వెళ్ళి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇంకొక్క అవకాశం అడిగాడు. షావుకారు గారు అప్పలసామి గారి వైపు చూశారు. ఆయన ఓడ బయలుదేరేలోపు అయితే సరే అన్నారు.

మళ్ళీ కట్టడం

మావ తన చేతులతోనే పట్టీలు విప్పాడు. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. సుబ్బారావు గారు బరువైన బ్యాటరీని ముందు నుంచి తీయించి డిక్కీలో పెట్టించారు, వెనక భాగం నేలని పట్టుకుని ఉండాలని. ఈసారి కాగితం మీది అంకెలని మావే చదివించుకుని విన్నాడు. తలుపు మీద పడ్డ సొట్ట తీశారు, పగిలిన దీపం మార్చారు.

నా సీటు బాగానే ఉందనుకుని నేను ఊరుకున్నాను. మావ పిలిచాడు.

"పైడమ్మా, నువ్వు కుట్టినాది ఎవులికి?"

"ఎక్కినోలకి."

"ఎనక సీట్లో ఒక్కడే కూకుంతే, మలుపులో ఆడిని పట్టుకునీది ఏటున్నాది?"

వెళ్ళి ఒక్కదాన్నే కూర్చున్నాను. ఇద్దరిని పిలిచి బండిని ఇటూ అటూ ఊపమన్నాను. ఆ తలుపు నుంచి ఈ తలుపుకి జారుతున్నాను, చింతపిక్కలా. పక్కన మనుషులుంటే వాళ్ళే ఒకరినొకరు పట్టుకుంటారు. ఎవరూ లేనప్పుడు పట్టుకోవాల్సింది సీటే. ఇంత చిన్న విషయం నాకు అప్పటిదాకా తట్టలేదు, ఎవరికీ తట్టదు కూడా, అవసరం పడితే తప్ప.

పరుపు విప్పాను. పాత పీచే వాడాను, ఒక్క పిడికెడు కొత్తది తేలేదు. కూర్చునే చోట పీచు తగ్గించి గుంట చేసి, తీసినదాన్ని పక్కల్లోనూ మధ్యలోనూ దిట్టంగా కూరి గట్టు లేపాను. నడుము దగ్గర వంపు పెట్టాను. కొలత కోసం గచ్చు మీద పీట వేసుకుని, మా వాళ్ళందరినీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టాను. ఒక్కొక్కరినే కూర్చోబెట్టడం ఆ షెడ్డులో అదే మొదలు.

ఒక్కదాన్నే కూర్చున్న దారి

మళ్ళీ అదే ఘాటీ, అదే మలుపు. ఈసారి సుబ్బారావు గారు నడుపుతానన్నారు. అప్పలసామి గారు ఆయన పక్కన కూర్చున్నారు. వెనక ఎవరు కూర్చుంటారన్న మాట వచ్చేసరికి షెడ్డులో మొగాళ్ళందరికీ ఏదో ఒక పని గుర్తొచ్చింది.

"సీటు నాది. నానెక్కుతాను" అన్నాను.

మావ తలుపు తీసి పట్టుకున్నాడు. "ఓలే, భయమేత్తే అరిసీ" అన్నాడు. తలుపు వేసి, గట్టిగా పడిందో లేదో రెండు చేతులతో లాగి చూసుకున్నాడు.

నేను అంతకుముందు కారులో ఎప్పుడూ ఒకరి ఒడిలోనో, ఒకరిని ఒడిలో పెట్టుకునో కూర్చున్నాను. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బండి లేచింది. వీపుని ఎవరో వెనక నుంచి గట్టిగా ఒత్తినట్టయింది. చెట్లు వెనక్కి పోతున్నాయి. ఒక మలుపు, రెండో మలుపు. ఒళ్ళు పక్కకి తూలబోయేసరికి సీటు గట్టు ఆపింది, మా అమ్మ చంకన పెట్టుకున్నట్టు. పెద్ద మలుపు వచ్చింది. ఆ గతుకులే. వెనక చక్రాలు కిందికీ మీదికీ ఆడాయి గాని నేల వదల్లేదు. ఆ సంగతి కళ్ళతో చూడక్కర్లేదు, కూర్చున్నదానికి నడుముతోనే తెలిసింది. కిటికీలోంచి మావ కనబడ్డాడు, రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని.

పైన బండి ఆగింది. అప్పలసామి గారు వెనక్కి తిరిగారు.

"భయమేసినాదా అమ్మా?"

"భయం నేదు బాబూ. ఇంత సోటేటి సేసుకోవాలో తెలీనేదు."

ఆయన చాలాసేపు నవ్వారు. దిగి, తాళం చేతిలోకి తీసుకుని, తనే ఒక్కరూ కిందికి నడిపి, మళ్ళీ పైకి వచ్చారు. అలా ఎన్నిసార్లు తిరిగారో. చివరికి మలుపు దగ్గర అందరి ముందూ ఆపి షావుకారు గారితో అన్నారు, "పెట్టెలు సేయించండి. ఈ ఓడకి ఇది ఒక్కటీ ఎల్తాది. తరవాతోటికి కొన్ని ఒల్లులు కావాల. ఎన్ని కట్టగలరో మేస్త్రిని అడిగి సెప్పండి."

షావుకారు గారు మావ వైపు తిరిగారు. మావ భుజం మీది తువ్వాలు కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ షెడ్డు ఆ తరవాత చాలా ఏళ్ళు నడిచింది. మా పిల్లలు అక్కడి కూలి మీదే చదువుకున్నారు. షావుకారు గారు, సుబ్బారావు గారు, అప్పలసామి గారు, వీళ్ళకి నా రుణం మాటలతో తీరేది కాదు. మావకైతే తీర్చాలని అనుకోను కూడా. కొందరి రుణం ఉంచుకోవడమే బాగుంటుంది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగింది ఒక్కటే. కొలత తీసుకునే ముందు ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో అడగండి. ఎవరితో కూర్చుంటాడో, ఎవరూ లేకుండా కూర్చుంటాడో అడగండి. సిగ్గుపడకండి.

ఆ రోజు ఇంటికి వచ్చే దారి సంగతి చెప్పి ఆపుతాను. పైనుంచి దిగేటప్పటికి మా వ్యాను మొరాయించింది. ఎంత తిప్పినా ఇంజిను పట్టలేదు. అందరం రోడ్డు మీద నిలబడ్డాం. అప్పలసామి గారు కొత్త బండి తలుపులు నాలుగూ తీసి, "ఎక్కండి" అన్నారు.

"వద్దు బాబూ, ఇప్పుడది మీ కొలత బండి" అన్నాడు మావ.

"ఎక్కండి మేస్త్రీ. మల్లీ మారిషస్‌లో నాకెవులు సెయ్యెత్తుతారు?"

ఎక్కాం. నేను ఒక్కరి కోసం చేసిన గుంటలో ముగ్గురం ఇరుక్కున్నాం. మధ్య గట్టు మీద కూర్చున్న, మా షెడ్డులో రేకు పని చేసే టింకరు తల పైకప్పుకి తగిలి, "ఇదెవులు కుట్టినారు, ఆలమ్మ కడుపు మాడ" అని నన్నే తిట్టాడు. షావుకారు గారి ఒడిలో ఎవరి చద్దిమూటో ఉంది. పట్టీలు తీసేసిన బండి వెనక భాగం పూర్తిగా కిందికి దిగిపోయింది. శృంగవరపుకోట వీధిలో గతుకు వచ్చినప్పుడల్లా సైలెన్సరు గొట్టం నేలకి రాసుకుని గర్రుమని అరుస్తోంది. అంగళ్ళ ముందు జనం ఆగి వేళ్ళు చూపించి నవ్వుతున్నారు.

"ఈ బండి కట్టినోడెవుడ్రా?" అని ఎవరో అరిచారు.

మావ కిటికీలోంచి సగం ఒళ్ళు బయటపెట్టి, చెయ్యెత్తి, బజారంతా వినబడేటట్టు అరిచాడు, "నానే!"